అద్దాల గదికీ ఇటుకల గదికీ మధ్య

నేను ఒక పాత టేకు కిటికీని. రెండు రెక్కలు, ఇనప ఊచలు, వానాకాలంలో ఉబ్బిపోయి సరిగ్గా మూసుకోని ఎడమ రెక్క. నా గురించి ఇంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. కాకినాడ జగన్నాథపురంలో దైవసహాయం గారింటి వెనక గోడలో చాలా ఏళ్ళున్నాను. ఆ గోడ పగలగొట్టి ఇల్లు పెరట్లోకి పెంచాలనుకున్నప్పుడు, ఎలా పెంచినా ముందు ఊడేది నేనే. కాబట్టి ఎలా పెంచాలన్న తగువులో నాకు ఏ పక్షమూ లేదు. నా సాక్ష్యాన్ని మీరు నమ్మవచ్చు.

నన్ను చేసింది రాజమండ్రిలో ఒక కలప అడితిలో. చేసిన వడ్రంగి పేరు తెలియదు. చిత్రిక పడుతున్నంతసేపూ యజమానిని తిట్టుకుంటూనే ఉన్నాడు గానీ, పని మాత్రం శుభ్రంగా చేశాడు. అక్కణ్ణుంచి నన్ను గోదావరి కాలువ లాకుల దగ్గర ఇంజనీర్ల బంగళాకు తీసుకుపోయారు. ఏడాదికి నాలుగుసార్లు జీపు చప్పుడైతే కాపలావాడు పరిగెత్తుకొచ్చి నన్ను తెరిచేవాడు. అయ్యగార్లు నాలోంచి కాలువ చూస్తూ కోడికూర తిని, కాలువ బాగానే ఉందని రాసుకుని వెళ్ళిపోయేవారు. మనుషులు కిటికీలు పెట్టించుకునేంత శ్రద్ధగా వాటిలోంచి చూడరని నాకు అక్కడే తెలిసింది.

బంగళా కూలగొట్టాక కాకినాడలో పాత కలప అమ్మే దుకాణంలో పడ్డాను. అక్కడ నన్ను కొన్న మనిషి దైవసహాయం. కరెంటాఫీసులో గుమాస్తా. నెమ్మదైనవాడు, ఒక ఖర్చుతో రెండు పనులు అయ్యే మార్గం ఉందంటే నిద్ర మానుకుని ఆలోచించేవాడు. ఆయన భార్య విమల జాకెట్లు కుడుతుంది. ఆ ఇంట్లో వీధి వరండా, ముందు గది, పడక గది, వంటిల్లు, అంతే. పడక గదిలో నా కింద మిషను వేసుకుని, నేనిచ్చిన వెలుతురులో ఊరందరి జాకెట్లూ కుట్టింది. కూతురికి పెళ్ళి చేసి తణుకు పంపాక, ఒకసారి చుట్టాలతో ఊటీ వెళ్ళొచ్చింది. వాళ్ళు దిగిన చోట ఒక అద్దాల గది ఉందట. పైనా పక్కలా అన్నీ అద్దాలే. అందులో కుర్చీ వేసుకుని, చేతిలో పనేమీ లేకుండా గంటసేపు కూర్చుందట. వచ్చిన దగ్గర్నుంచీ అలాంటిది మన పెరట్లో కట్టించుకుందామని మొగుడి ప్రాణం తీసింది. చీటీ పాడిన డబ్బు కూడా పక్కన పెట్టింది.

కాకినాడ ఎండకు అద్దాల గది ఏమిటని మీరు నవ్వుతారు. దైవసహాయం కూడా నవ్వాడు. "అందులో కూర్చుంటే మనం అప్పడాల్లా ఏగిపోతామే," అన్నాడు. విమల నవ్వలేదు. ఈ ఇంట్లో తనకంటూ ఒక చోటు అడగడం అదే మొదటిసారి. అది నాకు తెలుసు. ఆయనకు తెలియదు.

అప్పుడే ఆయన అక్క ఎలీసమ్మ వచ్చింది. ఏజెన్సీ దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. క్వార్టర్సు ఖాళీ చేయమన్నారు, ట్రంకుపెట్టెతో తమ్ముడింటికి వచ్చేసింది. వీధి వాళ్ళంతా ఆవిడను సిస్టరు గారూ అనేవారు. ముందు గదిలో మడత మంచం వేసుకుని పడుకునేది. ఎవరూ లేవకముందే లేచి, మంచం మడిచి తలుపు వెనక పెట్టేది. శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడికకు జనం ముందు గదిలో నిండితే, ఒంట్లో నలతగా ఉన్నా చాప మీద నిటారుగా కూర్చునేది. పడుకోవడానికి ఇంకో చోటు లేదు మరి. ఎవరేమడిగినా "నాకెక్కడైనా పర్లేదు" అనేది. ఆ మాట ఎంత తేలిగ్గా అనేదంటే, ఇంట్లో అందరూ నిజమనుకున్నారు.

దైవసహాయం మాత్రం అక్కకు ఒక గది వేయాలనుకున్నాడు. పెరడు ఒక్కటే, ఉన్న డబ్బు ఒక్కటే. అద్దాల గదా, ఇటుకల గదా? లెక్కలు మొదలయ్యాయి. అల్యూమినియం పనివాడొచ్చి, పునాదులూ శ్లాబూ అక్కర్లేదు, పదిహేను రోజుల్లో నిలబెట్టేస్తా, సగం ఖర్చుతో పోతుందన్నాడు. నూకరాజు మేస్త్రి వచ్చి, అద్దాల గదికి ఏసీ పెట్టాలి, పరదాలు కట్టాలి, కాకి రెట్టలు కడగడానికి మనిషిని పెట్టాలి, లెక్క చూస్తే ఇటుకే చవకన్నాడు. ఎవరు చేసే పని వాళ్ళకు చవగ్గా కనబడింది. అత్తాకోడళ్ళ తగువు తీర్చడానికి వచ్చిన చుట్టాల్లా ఇద్దరూ టీలు తాగి వెళ్ళారు.

నేల మీద చూసుకుంటే గానీ తెలియదని మేస్త్రి ఒక ఆదివారం వచ్చి ముగ్గు పోశాడు. కొత్త కట్టడానికి పునాది తవ్వేముందు సున్నంతో గీతలు పోయడం మన దగ్గర మామూలే. ఇక్కడ రెండు కట్టడాలు కనక, రెండు రంగులు వాడాడు.

"అమ్మగారూ, ఈ తెల్ల గీత మీ అద్దాల గదండి. ఈ ఇటికపొడి గీత సిస్టరు గారి గదండి. లోపలికెల్లి నడిచి సూసుకోండి. ఇదిగో, ఈ ఖాళీ ఒగ్గేసిన కాడ తలుపండి," అన్నాడు.

ఇక చూడాలి మనుషుల్ని. మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ గీత దాటలేదు. బట్టలారేయడానికి వెళ్ళినా, కరివేపాకు కోసుకోవడానికి వెళ్ళినా, చుట్టూ తిరిగి తలుపు దగ్గరి ఖాళీలోంచే లోపలికి వెళ్ళేవారు. విమల తెల్ల గీతలో కుర్చీ వేసుకుని టీ తాగేది. ఎలీసమ్మ తన ఎర్ర గీత దగ్గర నిలబడేది గానీ లోపలికి మాత్రం వెళ్ళేది కాదు. అడగని వస్తువును ముట్టుకోవడమెందుకన్నట్టు.

వారం తిరక్కుండా దైవసహాయానికి ఒక ఉపాయం తట్టింది. "అద్దాల గదే కట్టేద్దాం. పగలు అందరం కూర్చుంటాం, రాత్రి అక్క పడుకుంటుంది. ఒక ఖర్చుకి రెండు గదులు!" అన్నాడు. ఆ రోజు ఆయన మొహం చూడాలి. విమల మొహం చూడాలి. ఇద్దరూ తిరిగి ఎలీసమ్మ వైపు చూశారు.

"నాకెక్కడైనా పర్లేదురా," అంది ఆవిడ.

సోమవారం అల్యూమినియం వాడికి బయానా ఇద్దామనుకున్నారు. శనివారం మధ్యాహ్నం విమలే ఉత్సాహంగా మడత మంచం పెరట్లోకి మోసుకొచ్చి, తెల్ల గీతల మధ్య వేసింది. "వదినా, ఒకసారి పడుకో. మంచం ఎటేస్తే బావుంటుందో చూద్దాం," అంది. ఎలీసమ్మ తలుపు ఖాళీలోంచి లోపలికి వెళ్ళి, మంచం మీద వెల్లకిలా పడుకుంది. కాళ్ళు చాపుకుంది.

పక్క డాబా మీద మిరపకాయలు ఎండబెడుతున్న సరోజిని గారు వంగి చూసింది. "ఏంటి సిస్టరు గారూ, ఆరుబయట పడుకున్నారేంటండీ? ఒంట్లో బాలేదా?"

వెనక మేడ మీంచి ఇంకెవరో, "బానే ఉన్నారు లెండి, అద్దాల గదంట, కొలత చూసుకుంటన్నారు!" అని జవాబిచ్చారు.

ఎలీసమ్మ లేచి కూర్చుంది. కాళ్ళ మీదికి చీర లాక్కుంది. పైకి చూసింది, పక్కకు చూసింది, వెనక్కి చూసింది. తర్వాత మెల్లగా లేచి, ఆ తలుపు ఖాళీలోంచే బయటికి వచ్చి, నా పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

"విమలా, ఈ గదిలో నేను చీరెక్కడ మార్చుకుంటానే?" అంది.

"పరదాలు వేయిద్దాం కదక్కా," అన్నాడు అక్కడే నిలబడి చూస్తున్న దైవసహాయం.

"బతుకంతా పరదాల వెనకాలే మార్చుకున్నాన్రా. వార్డులో పరదా, హాస్టల్లో పరదా, క్వార్టర్సులో నలుగురికీ కలిపి ఒక పరదా. ఎప్పుడూ ఎవరో ఒకరు తీసేవారే. నాకు పరదా వద్దు. తలుపు కావాలి. లోపల గడియ ఉండాలి."

గొంతు పెంచలేదు. ఇంజక్షన్ చేయబోయే ముందు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. పాపం, దైవసహాయం లెక్కల్లో ఇటుకా సిమెంటూ అద్దాలూ అన్నీ ఉన్నాయి, ఇది లేదు.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు వదినా?" అంది విమల.

"మీ ఇల్లు కదమ్మా."

ఆ మాట విమలకు తగిలింది. వంటింట్లోకి వెళ్ళి చీపురు తెచ్చి, వంగి, తెల్ల గీతంతా తనే చెరిపేసింది. చెరుపుతూ ఏడ్చింది. అందులో సగం వదిన కోసం, సగం తన అద్దాల గది కోసం. రెండూ నిజమైన ఏడుపులే. ఎర్ర గీత ఒక్కటీ మిగిలింది.

తర్వాత పనులు మామూలుగా జరిగాయి. అంటే నూకరాజు మేస్త్రి నెలన్నర అన్నది నాలుగు నెలలైంది, శ్లాబు వేసే రోజు వాన పడింది. నన్ను గోడలోంచి ఊడదీసి, ఆ చోట తలుపు పెట్టారు. పడక గదికి వెలుతురు పోయింది, విమల మిషను వీధి వరండాలోకి మార్చుకుంది. కొత్త కిటికీకి డబ్బు దండగని దైవసహాయం నన్నే కొత్త గది పక్క గోడలో పెట్టించాడు. ఆయన గుణం పోదు కదా.

గది వచ్చింది. లోపల గడియ కూడా వచ్చింది, మంచి ఇత్తడిది. కానీ ఎలీసమ్మ దాన్ని ముట్టుకోలేదు. తలుపు బార్లా తీసి పెట్టుకునే పడుకునేది. ఎవరొచ్చినా, "రండి, రండి" అంటూ లేచి కూర్చునేది. వారం చూసింది విమల, పది రోజులు చూసింది. ఒక సాయంత్రం ఇక ఆగలేక లోపలికి వచ్చేసింది.

"గడియ గడియ అని నా అద్దాల గది పోగొట్టావు. ఒక్కసారైనా వేసుకోవేం వదినా?"

ఎలీసమ్మ తడబడింది. "ఎప్పుడేసుకోవాలో తెలవట్లేదే. మీరంతా బయట తిరుగుతుంటే నేను లోపల గడియేసుక్కూచుంటే ఏం బావుంటుంది? ఏదో పనుండాలి కదా, తలుపేసుకోడానికి."

"పనెందుకూ?" అంది విమల. వెళ్ళి తలుపు మూసి, గడియ వేసింది. ఇత్తడి కొత్తది కావడంతో గట్టిగా చప్పుడైంది. వచ్చి మంచం మీద వదిన పక్కన కూర్చుని, కాళ్ళు పైకి ముడుచుకుంది. ఇద్దరి చేతుల్లోనూ ఏ పనీ లేదు.

కాసేపటికి బయట దైవసహాయం ఆఫీసు నుంచి వచ్చిన చప్పుడైంది. వంటింట్లో వెతికాడు, వరండాలో వెతికాడు. తలుపు కొట్టాడు. "విమలా, లోపలున్నావా? ఏం చేత్తన్నారు?"

ఎలీసమ్మ అలవాటు కొద్దీ లేవబోయింది. విమల చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ మళ్ళీ కూర్చుంది, తలుపు వైపు చూసింది, గొంతు సవరించుకుంది.

"ఏం చెయ్యట్లేదురా," అంది. "కాసేపాగు."