ముప్ఫై అడుగుల చోటు

టెనెస్సీ కొండల కింద ఆ క్యాంపులో సాయంత్రం నాలుగైతే చాలు, అందరూ మడతకుర్చీలు బయటేసుకుని కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళు ట్రక్కుకి తగిలించిన చక్రాల ఇంటిని, అదే ట్రైలర్‌ని, వెనక్కి పోనిచ్చి చెట్ల మధ్య ఇరికించడానికి పడే పాట్లు చూడటమే అక్కడి వినోదం. ఆ రోజు వంతు డార్లాది.

ట్రక్కు ఆమే నడుపుతోంది. వెనక ట్రైలర్. ఇల్లమ్మేశాక అదే వాళ్ళ కొంప. పక్క సీట్లో భర్త వెర్లిన్, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. కొత్త ఊపిరితిత్తుల కోసం పట్నం ఆసుపత్రి జాబితాలో అతని పేరుంది. ఫోనొచ్చిన రెండు గంటల్లో అక్కడుండాలి. అంత దగ్గర్లో దొరికింది ఈ పదిహేడో నంబరు చోటు ఒక్కటే. ఇందులో పట్టకపోతే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

చోటు ముప్ఫై అడుగులు. కొన్ననాడు ట్రైలర్ ఇరవై ఎనిమిదే. కాకపోతే మొగుడూపెళ్ళాలు చెప్పుకోని మాటలు పేరుకుంటే ట్రైలర్లు సాగుతాయి కదా, వీళ్ళది ముప్ఫై మూడు దాటిపోయింది.

కుర్చీల్లోంచి సలహాలు మొదలయ్యాయి.

"రానీ, రానీ... ఎడమకి కొట్టు! అయ్యో, ఆ ఎడమ కాదు!"

"స్టీరింగ్ కింద పట్టుకో అక్కా! చెయ్యెటు పోతే ట్రైలర్ అటు పోతుంది!"

మూడోసారీ వెనకభాగం చెట్టుకి తగిలింది. ముందుభాగం దారికడ్డంగానే ఉండిపోయింది. క్యాంపు చూసుకునే లాయిడ్ టేపు పట్టుకుని వచ్చాడు.

"మూడున్నర అడుగులు ఎక్కువుందమ్మా. లోపలేం దాచుకున్నావో కక్కెయ్. ఆరింటికల్లా దారి వదలాలి, నా చేతుల్లో లేదు."

డార్లా వెనక్కి తిరిగి ట్రైలర్‌ని ఓసారి చూసుకుంది. స్టీరింగ్ వదలకుండానే మొదలెట్టింది.

"వెర్లిన్, మన పాత కారు తలుపుకి సొట్ట పెట్టింది నేనే. పాలబండి కాదు."

నాలుగంగుళాలు తగ్గింది.

"మీ అక్క పంపే పళ్ళకేకు పదకొండేళ్ళుగా కుక్కలకి పెడుతున్నా."

"తెలుసులే. అవీ తినలేదు."

తెలిసిన మాట కాబట్టి అంగుళమే తగ్గింది. కుర్చీల్లో నవ్వులు. డార్లాకి నవ్వు రాలేదు. ఐదున్నరైంది.

"ఆ ఆపరేషన్‌లో బతికేది సగంమందేనని డాక్టర్ నాతో అన్నాడు. నీకు చెప్పలేదు."

ట్రైలర్ కిర్రుమంటూ అడుగు తగ్గింది. ఇంకా రెండడుగులుంది. డార్లా ఎంత వెతుక్కున్నా లోపల ఇంకేమీ దొరకలేదు.

"నా దగ్గర ఇంకేం లేవు దేవుడా!" అని నుదురు స్టీరింగ్‌కేసి కొట్టుకుంది.

లాయిడ్ టేపు చుట్టేశాడు. "నీవి అయిపోయాయమ్మా. మిగిలినవి ఆయనవి."

ఆ మాటతో కుర్చీల్లోవాళ్ళంతా లేచి ఎవరి ట్రైలర్‌లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. లాయిడ్ అటు తిరిగి నిలబడ్డాడు.

వెర్లిన్ చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"నాకా ఆపరేషన్ వద్దు డార్లా. మొదట్నుంచీ వద్దు. నువ్వు ఆశగా చూస్తుంటే నోరు రాక సంతకం పెట్టాను. ఉన్నన్నాళ్ళు ఇలా నీ పక్కన కూర్చుని ఊళ్ళు తిరగాలనుంది. అంతే."

వెనక రేకులు ముడుచుకుంటున్న చప్పుడైంది. కన్నీళ్ళకి అద్దాలు కనబడక, డార్లా గుడ్డిగా గేరేసింది. ట్రైలర్ ఏ కొమ్మకీ తగలకుండా చోటులోకి వెళ్ళి కూర్చుంది.

ఈ కాస్త చోటు కోసం మూడు రాష్ట్రాలు దాటి నడుపుకుంటూ వచ్చింది. ఇప్పుడు దాన్ని చూస్తుంటే కడుపు మండిపోయింది. వెర్లిన్‌ని పట్టుకుని బాదాలనిపించింది. చొక్కా పట్టుకుంది కానీ, దాంట్లో మొహం పెట్టుకుని ఏడ్చింది.

కాసేపాగి లాయిడ్ రిజిస్టరు తెచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"చక్కగా పట్టిందమ్మా. ఎన్నాళ్ళకి రాసుకోమంటావ్?"

డార్లా భర్త వైపు చూసింది.

"ఈ ఒక్క రాత్రికే," అంది.