ఒక్క తూటాకే ఆగిపోయే రైఫిల్

మూర్తి గారు పోయాక ఆ రైఫిల్ ఒక్క తూటాకే ఆగిపోవడం మొదలుపెట్టింది. మొదటిది బాగానే పేలేది. రెండోది లోపలికి రావాల్సిన సమయానికి, అప్పుడే పేలిన ఖాళీ షెల్ బయటికి పోలేక, పక్కనున్న సందులో నిలువుగా ఇరుక్కుని నిలబడేది. ఆయన ఉన్నన్నాళ్ళూ అది అలా చేసినట్టు ఆయన భార్య కామేశ్వరి ఎన్నడూ వినలేదు.

ఈ సంగతి ఆమెకు చెప్పింది ఉమాకాంత్. మందుల కంపెనీలో మూర్తి గారి కింద ఇంజనీరుగా చేరి, ఆయన రిటైరయ్యాక కూడా వదలని మనిషి. శనివారం పొద్దున ఇద్దరూ కలిసి తాముండే క్యారీ ఊరు దాటి, పైన్ చెట్ల మధ్య ఉన్న షూటింగ్ రేంజికి వెళ్ళేవారు. మూర్తి గారు జన్మలో ఉడుతను కూడా కొట్టి ఎరగరు. కాగితం మీది నల్లచుక్క తప్ప ఆయనకు వేరే శత్రువు లేడు. పోయిన ఆగస్టులో ఆసుపత్రి మంచం మీద, తన తర్వాత ఆ రైఫిల్‌ని ఉమాకాంత్‌కి ఇచ్చేయమని చెప్పి మరీ వెళ్ళారు.

ఆమె ఇవ్వలేదు. రేపు, ఎల్లుండి అంటూ చలికాలం దాటించింది. చివరికి దూరాన హెర్న్‌డన్ ఊళ్ళో ఉన్న కూతురు స్మృతి గట్టిగా చెప్పేసింది. తాళం వేసి ఉన్నా సరే, ఇంట్లో తుపాకీ ఉండగా వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకురానంది. అప్పుడు ఆమె ఉమాకాంత్‌ని పిలిచింది. అతను తీసుకెళ్ళిన రోజే, రేంజిలో ఆగిపోయిందంటూ మళ్ళీ తిరిగి తెచ్చాడు. బాగు చేశాకే తన ఇంటికి తీసుకెళతాననీ, పనిముట్లన్నీ మూర్తి గారి గరాజ్‌లోనే ఉన్నాయి గనక ఇక్కడే చూస్తాననీ అన్నాడు.

ఆమె కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. పాలు పొంగుతున్నా చూసుకోలేదు. ఆయనకు ఇష్టం లేదన్నమాట, అనుకుంది. ఇమ్మని నోటితో అన్నారు గానీ మనసొప్పలేదు. ఆ మాటకు ఆమెకు దిగులు కలగాలి. కలగలేదు. ఏడు నెలలుగా ఖాళీగా ఉన్న ఇంట్లో ఎవరో దీపం పెట్టినట్టయింది.

ఆ తర్వాతే ఆమెకు గరాజ్‌లో అలికిడి వినిపించసాగింది. మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే, గోడ అవతల ఇనుము వెనక్కి లాగి వదిలిన చప్పుడు. ఆయన తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసుకునేటప్పుడు అయ్యేది సరిగ్గా ఆ చప్పుడే. లేచి వెళ్ళి తలుపు తీస్తే ఎవరూ ఉండరు. తుపాకీ తుడిచే మందు వాసన మాత్రం, ఇప్పుడే ఎవరో సీసా మూత పెట్టినట్టు ఉంటుంది. ఆమె భయపడలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, స్మృతి ఫోన్‌లో ఏమందో, బీపీ ఎంత ఉందో చెప్పి వచ్చేది.

నెల మాసికం పెట్టించడానికి గుడికి వెళ్ళినప్పుడు పురోహితుడిని అడిగింది, పోయిన మనిషి తనకిష్టమైన వస్తువును పట్టుకుని ఉండిపోవడం ఉంటుందా అని. మాసికాలన్నీ సక్రమంగా జరుగుతున్నాయి కదమ్మా, ఏడాది పూర్తయ్యేసరికి పితృదేవతల్లో కలుస్తారు, అన్నాడాయన. అంటే ఆగస్టు వరకూ ఆయన తోవలోనే ఉన్నట్టు. తోవలో ఉన్న మనిషి ఒకసారి వెనక్కి తిరిగి చూడకూడదని ఏ శాస్త్రంలో ఉంది? ఆ ప్రశ్న ఆమె పైకి అడగలేదు.

ఉమాకాంత్ మాత్రం పట్టు వదల్లేదు. ముందు తూటాలను అనుమానించి కాస్త జోరెక్కువ రకం తెచ్చాడు. ఆగింది. తూటాలు నింపే మ్యాగజైన్‌లో స్ప్రింగు సరిగా నెట్టడం లేదేమోనని కొత్త మ్యాగజైన్ పెట్టాడు. ఆగింది. ఖాళీ షెల్‌ని పట్టి లాగే చిన్న కొక్కెం అరిగిందేమోనని దాన్నీ మార్చాడు. అయినా అంతే.

"ఈ రకం రైఫిల్ తన పని తనే చేసుకుంటుంది వదినగారూ. తూటా పేలిన ఊపుకే బోల్ట్ వెనక్కెళ్ళి, ఖాళీది విసిరేసి, ముందుకొస్తూ కొత్తదాన్ని తెచ్చుకుంటుంది. దారిలో అడ్డుంటే సగంలో ఆగిపోతుంది. అంతే."

"మరి అడ్డుపడుతున్నదెవరు?"

అతను తలెత్తి చూశాడు. "ఎవరో కాదు. ఏదో. బోల్ట్ విప్పి చూస్తే గానీ తెలీదు. నేనే బద్ధకించాను, మళ్ళీ బిగించడం పెద్ద తలనొప్పి."

ఏప్రిల్ మొదటి శనివారం విప్పడానికి కూర్చున్నాడు. క్యారీలో పైన్ చెట్ల పుప్పొడి రాలే రోజులవి. కార్ల మీద, మెట్ల మీద, కుక్కల వీపుల మీద పసుపుపచ్చటి పొడి. గరాజ్ తలుపు బార్లా తీసి, మ్యాగజైన్ ఊడదీసి, లోపల తూటా లేదని తను చూసుకుని ఆమెకూ చూపించాడు. మూర్తి గారు నేర్పిన పద్ధతి అది. తర్వాత బోల్ట్ బయటికి తీసి, దాని దారిలో గుడ్డపేలిక పెట్టి లాగాడు. పేలిక పచ్చగా వచ్చింది.

"చూశారా, పోలెన్. ఈ ఊళ్ళో ఇది దేన్నీ వదలదు. మా ఆవిడ పెరుగులో కూడా పడింది నిన్న." నవ్వుతూ, గాలి కొట్టే డబ్బా కోసం చెయ్యి చాచాడు. ఊదేసి బిగించేస్తానన్నాడు.

కామేశ్వరి ఆ పేలిక అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోకముందే ఆమెకు తెలిసిపోయింది.

పోయిన దసరాకి, ఏటి సూతకంలో పండగలు లేవని అందరూ చెప్పారు. ఆమె కూడా పూజగదిలో దీపం తప్ప ఏమీ చేయలేదు. కానీ విజయదశమి పొద్దున, ఏటేటా ఆయన పనిముట్లన్నీ తుడిచి వరసగా పేర్చి, రైఫిల్ చెక్కపిడి మీద ఒక్క కుంకుమ బొట్టు పెట్టేవారు కదా, ఈ ఏడు దానికెవరూ లేరే అనిపించింది. గరాజ్‌లో చాప వేసుకుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. బొట్టుతో ఆగలేకపోయింది. నువ్వుల నూనెలో పసుపు కలిపి, పండగ పొద్దున బిడ్డకు తలంటినట్టు, బోల్ట్ లాగిపట్టి వేలు దూరినంత మేరా పట్టించింది. తర్వాత పైపైన చీరచెంగుతో తుడిచి తాళం వేసింది. ఎవరికీ చెప్పలేదు. ఇన్ని నెలల్లో ఆ రోజుకీ ఈ ఆగిపోవడానికీ ముడి ఉందని ఆమెకు తోచనే లేదు.

ఉమాకాంత్ గాలి కొడుతున్నాడు. జిగురుగా పట్టినది ఆ గాలికి కదలదు. అతను బిగిస్తాడు, రేపు మళ్ళీ ఆగుతుంది, రైఫిల్ మళ్ళీ ఈ ఇంటికే వస్తుంది. రేపు మధ్యాహ్నం గోడ అవతల మళ్ళీ ఆ చప్పుడు వినొచ్చు. ఆమె నోరు మూసుకుంటే చాలు. స్మృతి పిల్లలు ఈ వేసవికి రారు, అంతే కదా. వచ్చే వేసవి ఉంటుంది.

గరాజ్‌లో మందు వాసన గుప్పుమంది. సీసా ఈసారి నిజంగానే తెరిచి ఉంది.

"అది పోలెన్ కాదు ఉమాకాంత్," అంది. "పసుపు. దసరాకి నేనే పూశాను."

అతను నవ్వలేదు. సూతకంలో పండగేమిటనీ అడగలేదు. బోల్ట్‌ని వెలుతురుకి తిప్పి చూస్తూ, "నూనె ఏది కలిపారు?" అన్నాడు.

"నువ్వులది."

"అయితే ఎండి జిగురయి ఉంటుంది. మా అమ్మ దీపపు కుందులు గోకినట్టు గోకాలి దీన్ని."

గోకాడు. మందులో ముంచిన బ్రష్షుతో రుద్దే కొద్దీ ముదురు పసుపుపచ్చటి నీళ్ళు కారాయి. ఆమె పక్కన నిలబడి పేలికలు చింపి ఇచ్చింది. సగమయ్యాక అడిగింది, "కొంచెం ఉండనివ్వకూడదా?"

"కొంచెం ఉంటే కొంచెం ఆగుతుంది వదినగారూ."

ఆమె ఇంకో పేలిక చింపింది.

మర్నాడు పొద్దున తనూ వస్తానంది. రేంజిలో చెవులకు మూతలు పెట్టించి, ఉమాకాంత్ ఆమెను వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు. మొదటి తూటా పేలింది. రెండోది పేలింది. ఖాళీ షెల్ తళుక్కుమని ఎగిరి సిమెంటు గచ్చు మీద పడింది. మూడోదానికి ఆయన ఆపుతారేమో అనుకుంది. తర్వాతదానికి. ఆ తర్వాతదానికి. మ్యాగజైన్ అయిపోయింది. ఇంకోటి పెట్టమని సైగ చేసింది. అదీ చివరిదాకా ఆగకుండా పోయింది.

ఉమాకాంత్ రైఫిల్ ఖాళీ చేసి కింద పెట్టి, వెనక్కి తిరిగాడు. తీసుకెళ్ళమంటారా అని అడిగినట్టు అతని పెదవులు కదిలాయి. ఆమె తలూపింది.

అతను దాన్ని సంచిలో సర్దుతుంటే ఆమె వంగి కాళ్ళ దగ్గర పడ్డ షెల్ ఒకటి తీసింది. అది ఇంకా కాలుతోంది. వేళ్ళు చురుక్కుమన్నా వదల్లేదు. ఇంతకాలం ఆయన ఉన్నారో, లేక తన పసుపే ఉందో, గరాజ్‌లో తను విన్నది ఏమిటో ఇక ఎవరిని అడగాలో ఆమెకు తెలియలేదు. అరచేతిలో ఇత్తడి మెల్లగా చల్లబడింది. పూర్తిగా చల్లబడే దాకా ఆగి, అందరూ వేసినట్టే ఆమె కూడా దాన్ని రేంజి వాళ్ళ బకెట్‌లో వేసింది.