మీటరు మీద చొక్కా

టైలరమ్మ మిషను ముందు కూర్చుందన్న మాటేగానీ, ప్రాణమంతా గుమ్మం పక్కనున్న కరెంటు మీటరు మీదే. ఒక చొక్కా కుట్టడం, లేచి అంకెలు చూడడం. రీడింగు తీసే మనిషి వచ్చేలోగా స్లాబు దాటిందా, దాటిన యూనిట్లకే కాదు, నెల మొత్తానికీ పెద్ద రేటు పడుతుంది. ఈ లెక్క కట్టినవాడు ఇస్త్రీ బట్టలు వేసుకోడు కాబోలు!

ఒకప్పుడు ఈ గొడవ లేదు. కాలితో తొక్కే మిషను, ఒక బల్బు, ఒక ఫ్యాను, అంతే. బడి యూనిఫారాల ఆర్డరు దొరికి చేతిలో నాలుగు డబ్బులు ఆడాక మిషనుకు మోటారు వచ్చింది, ఇస్త్రీపెట్టె వచ్చింది, అత్తగారి ఇన్సులిన్ కోసం ఫ్రిజ్జూ వచ్చింది. వాటి వెనకే రేటూ పెరిగింది. మోటారు ఆపితే ఆర్డరు పోతుంది. అందుకని మొన్న ఫ్రిజ్జు ప్లగ్గు పీకేసింది. తలుపు తెరవకపోతే చల్లదనం ఎక్కడికి పోతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఈ పొద్దున అత్తగారు మంచం దిగబోయి గోడ పట్టుకుంది. "కళ్ళు తిరుగుతున్నాయే."

టైలరమ్మ మిషను వదిలి లేచింది. ఫ్రిజ్జు తెరిస్తే లోపల ఉక్క. మందు సీసా లేదు.

"అత్తయ్యా, సీసా ఏది?"

"నువ్వు ప్లగ్గు పీకడం నేను చూడలేదనుకున్నావా? అప్పుడే పక్కింటి ఫ్రిజ్జులో పెట్టించా. ఇన్నాళ్ళూ నేనే వేసుకునే సూది కూడా ఇప్పుడు పక్కింటావిడే వేస్తోంది. నీకు చెబితే మళ్ళీ ప్లగ్గు పెడతావు, బిల్లు చూసి ఏడుస్తావు. ఎందుకొచ్చిన గొడవ!"

సిగ్గూ ఊరటా ఒక్కసారే ముంచుకొచ్చాయి. మరి కళ్ళెందుకు తిరుగుతున్నట్టు? చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తింది.

పక్కింటావిడ నీళ్ళు నములుతూ ఫ్రిజ్జు తెరిచింది. లోపల లైటు వెలగలేదు. అరల్లో మడతపెట్టిన దుప్పట్లు, వాటి పక్కన సీసా.

"నెలాఖరు కదమ్మా, స్లాబు దాటుతుందని నేనూ ఆపేశా. పెద్దావిడ అంత నమ్మకంగా తెచ్చిస్తే కాదనలేకపోయా."

సీసా చేతికి వెచ్చగా తగిలింది. టైలరమ్మ కేకలేద్దామని నోరు తెరిచింది. కానీ ఏ మొహం పెట్టుకుని అరుస్తుంది?

ఇంటికొచ్చి ఫ్రిజ్జు ప్లగ్గు పెట్టింది. కొత్త మందు తేవడానికి సంచి తీసుకుంది. గుమ్మం దగ్గర కళ్ళు అలవాటుగా మీటరు మీదికి పోయాయి. వెనక్కి వచ్చి, కుట్టడం పూర్తయిన చొక్కా ఒకటి తీసి దాని మీద కప్పేసింది.

"స్లాబు దాటుతుందేమోనే," అంది అత్తగారు మంచం మీదినుంచి.

"దాటనీ అత్తయ్యా. మీరు పడుకోండి."