పాటల్లోని 'నువ్వు'

ఆ నువ్వు ఎవరన్నదే నాకు తెలియాలి, పాట బాగుందా లేదా అన్నది కాదు, మైదుకూరు నుంచి కడప పోయే ఈ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెవుల్లో వైరు పెట్టుకుని, మూడో పాటను మళ్ళీ మొదటికి జరుపుతున్నాను, యాడుండావో నువ్వు, యాడుండావో నువ్వు, అని శివజ్యోతి గొంతు, నా భార్య గొంతు, ఇంట్లో నీళ్ళు వచ్చినాయి మోటరెయ్యి బావా అని అరిచే గొంతే, కానీ ఇందులో అది అరవడం లేదు, ఎవరో పక్క గదిలో నిద్రపోతున్నట్టు, వాళ్ళు లేవకూడదన్నట్టు, కానీ లేస్తే బాగుండునన్నట్టు పాడుతోంది, అంత మెత్తగా నాతో ఎప్పుడు మాట్లాడిందో గుర్తుకు రావడం లేదు, మరి ఎవరితో మాట్లాడుతోంది, తనే రాసి తనే రాగం కట్టి తనే పాడిన ఎనిమిది పాటలు, 'ఒట్టి వాకిలి' అని పేరు, కడపలో వసంతకుమార్ అనే అతను చర్చి పాటలు రికార్డు చేస్తుంటాడు, అతనే గిటారు వాయించి యూట్యూబులో పెట్టాడు, పెట్టిన రోజు నేనే అందరికీ పంపాను, మా ఇంటామె పాటలు వినండి అని గొప్పగా పంపాను, అప్పటికి నేను వినలేదు, షాపులో కాలిపోయిన మోటార్లు వరుసగా ఉన్నాయి, వాటికి చుట్టే రాగి తీగ చేతిలో ఉంది, తర్వాత విందాంలే అనుకున్నాను.

మొదట చెప్పింది బొజ్జన్న, మోటరు విప్పించుకోవడానికి వచ్చిన రైతు, గడప మీద కూర్చుని బీడీ వెలిగించి, అప్పా వీరభద్రా, మీ ఇంటామె పాట ఇన్న్యా, బోరు ఎండిపాయినప్పుడు నేను దాని పక్కన కూచుని ఇట్లే అడిగినా, యాడుండావో నువ్వు అని, నీళ్ళ గురించే గదప్పా ఆ పాట, అన్నాడు, అవునన్నా అన్నాను, ఆమె నీళ్ళ గురించి రాయడం నాకు నచ్చింది, మోటార్లు చుట్టేవాడి భార్య నీళ్ళ గురించి గాక దేని గురించి రాస్తుంది అనుకున్నాను, ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా లేదు, వేంపల్లె నుంచి మా ఈరక్క ఫోను, ఏమిరా భద్రా, నీ పెండ్లాం పాట ఈడ అందరి ఫోన్లలో మోగుతాండాది, నవ్వుతాండారు తెల్సునా, మొగుడు పక్కనుండంగా యాడుండావో నువ్వు అని పాడేదేందిరా, ఎవర్ని పిలుస్తాండాది, అంది, నీళ్ళ గురించి అక్కా అన్నాను, నీళ్ళను నువ్వు అని పిలుస్తారంట్రా, నీకు బుద్ధుండాదా, అని ఫోను పెట్టేసింది, ఆమె పెట్టేశాక కూడా నేను ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను, ఆ రాత్రి ఎనిమిది పాటలూ విన్నాను, అన్నిట్లో నువ్వు ఉంది, ఒక్కోదాంట్లో ఒక్కో చోట, నాలుగో పాటలో మొదట్లోనే, ఆరో దాంట్లో చివర, గొంతు తగ్గిపోయే చోట.

మూడో పాటలో ఒక చరణం ఉంది, మాట దాచి పెట్టినా, మూట కట్టి పెట్టినా, యాడుండావో నువ్వు, అని, మూట ఎందుకు కడతారు ఎవరైనా, పోవడానికి కాకపోతే, మర్నాడు ఆమె నీళ్ళకు పోయినప్పుడు మంచం కింద సంచి లాగి చూశాను, బొంత కుట్టించడానికని దాచిన పాత చీరలున్నాయి, వాటిని ఒక్కొక్కటే విదిలించి చూశాను, ఏమీ లేదు, ఏమీ లేకపోతే మనసు ఊరుకోవాలి, ఊరుకోలేదు, జాగ్రత్త పడిందేమో అన్నది, ఆమె ఫోను తీశాను, వసంతకుమార్‌కు పంపినవన్నీ గొంతు మెసేజులే, నొక్కి విన్నాను, మాటలు లేవు, ఊరికే కూనిరాగం, అటు నుంచి గిటారు, మళ్ళీ ఇటు నుంచి కూనిరాగం, ఒక్క మాటైనా ఉంటే బాగుండేది, మాటలు కూడా అవసరం లేనంత దగ్గరైతే ఇక నేనెక్కడ, ఇంట్లో మేం మాట్లాడుకునేది నీళ్ళొచ్చినాయా, గ్యాసు అయిపాయెనా, ఈరక్క ఎప్పుడొస్తాది, అంతే, అన్నం తినేటప్పుడు నేను ఫోను చూసుకుంటాను, ఆమె గోడ వైపు చూస్తుంది, అందరిళ్ళలో అంతే కదా, అందరి భార్యలూ పాటలు రాయడం లేదు కదా, ఈరోజు పొద్దున, ఒక పాట కీబోర్డుతో మళ్ళీ పాడాలంటాండారు బావా, కడపకు పోయొస్తా, అంది, పోయిరా అన్నాను, ఆమె బస్సు కదిలిందో లేదో షాపు తాళం వేసి తర్వాతి బస్సు ఎక్కాను, చెప్పకుండా పోయి తలుపు తీస్తే ఏది ఉంటే అది కనబడుతుంది.

గతుకులో బస్సు ఎగిరి వైరు ఊడిపోయింది, పాట బయటికి మోగింది, యాడుండావో నువ్వు, ముందు సీట్లోవాళ్ళు తిరిగి చూశారు, నేను ఆపబోయాను, పక్కన మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నామె, ఉండనీ అన్నా, ఎవరు పాడేది, అంది, ఎవరో అన్నాను, అబద్ధం అంత సులువుగా వచ్చింది, ఆమెది కోసిగి దగ్గర పల్లె అట, మైదుకూరు పక్క పసుపు తవ్వకాలకు వచ్చి, పని అయిపోయి, కడపలో రైలెక్కి ఊరికి పోతోందట, పాటంతా విని చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది, మా పాపను అవ్వకాడ ఇడిసి వచ్చినా అన్నా, ఆ బిడ్డ ఈ మాటే అడుగుతుంటాదేమో పొద్దుగూకులు, ఇది బిడ్డ పాడేదే గదా, తల్లి కోసరం, అంది, నేను తల ఊపాను, బొజ్జన్నకు బోరు, ఈమెకు బిడ్డ, అందరూ ఎంత అమాయకులు, ఒక ఆడమనిషి అంత దిగులుగా పిలుస్తుంటే మనిషిని పిలుస్తోందని ఒక్కరికీ తట్టదా, నాకూ మా అక్కకూ తప్ప.

కడపలో వసంతకుమార్ ఇల్లు చర్చి వెనక వీధిలోనే ఉంది, అతని తల్లి విశ్వాసమ్మ వసారాలో చేటలో శనగలు ఏరుతోంది, నన్ను ముందెప్పుడో ఒకసారి చూసింది, గుర్తుపట్టింది, రా నాయనా, జ్యోతమ్మ ఇంటాయనవు గదా, కూచో, నీళ్ళు తాగు, అంది, నేను చెప్పులు చూస్తున్నాను, గడప పక్కన శివజ్యోతి చెప్పులు, వాటిని ఆనుకుని ఒక జత మగవాళ్ళవి, ఆనుకుని ఎందుకున్నాయి, అంత చోటు ఉండగా, విశ్వాసమ్మ చెబుతూనే ఉంది, మా ఆయన పోయినాక శానా దినాలు ప్రార్థన నోటికి రాలేదు నాయనా, దేవుడు మొగం తిప్పుకున్నట్టుండె, నీ భార్య పాట ఇని మళ్ళీ మోకరించినా, యాడుండావో నువ్వు అని దేవుణ్ణే గదా అడగతాండేది, ఆ బిడ్డ మా సంఘం గాకపోయినా ఎంత బాగా అడిగిందో, అంటూ కళ్ళు తుడుచుకుంది, అవునమ్మా అంటూ లేచి లోపలికి నడిచాను, గది తలుపు మూసి ఉంది, శబ్దం బయటికి పోకుండా తలుపుకు లోపలి వైపు దుప్పట్లు కొట్టారట, అయినా సన్నగా వినిపిస్తోంది, యాడుండావో, ఆగింది, మళ్ళీ, యాడుండావో, ఆగింది, ఎందుకు ఆగుతోంది, అక్కడ ఎవరు ఆపుతున్నారు, చెయ్యి గడియ మీద వేసి తోశాను.

వసంతకుమార్ తలుపు వైపు వీపు పెట్టి కంప్యూటరు ముందు ఉన్నాడు, చెవులకు పెద్ద డబ్బాలు, అతని భార్య మహిమ కీబోర్డు ముందు కూర్చుంది, కడుపుతో ఉంది, చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది, శివజ్యోతి మూలన మైకు ముందు, కళ్ళు మూసుకుని, నన్ను చూసి మొదట భయపడింది, ఏమైంది బావా, షాపులో ఎవరికన్నా కరెంటు కొట్టిందా, అంది, ఏం లేదు, వైరు కొనడానికి వచ్చినా, అన్నాను, రాండన్నా కూచోండి, అని వసంతకుమార్ కుర్చీ జరిపాడు, అతని మొహంలో దాచుకోవడానికి ఏమీ లేదు, నేను వెతికాను, నిజంగా వెతికాను, దొరకలేదు, ఇతను కాకపోతే మరెవరు, పనయ్యేదాకా విశ్వాసమ్మ పక్కన కూర్చుని శనగలు ఏరాను, రాళ్ళు ఏవో శనగలు ఏవో కనబడటం లేదు.

బస్టాండు దగ్గర చెరకురసం బండి నీడలో ఆగాం, ఎండ దంచుతోంది, గ్లాసు ఆమె చేతికిచ్చి అడిగేశాను, ఇక మోయలేక అడిగేశాను, ఆ పాటల్లో నువ్వు అంటావే, ఎవరు, అని, శివజ్యోతి అర్థం కానట్టు చూసింది, తర్వాత అర్థమైంది, మా అక్క అర్థమైంది, మంచం కింద చెదిరిన సంచి అర్థమైంది, నేను కొనని వైరు అర్థమైంది, మొహం మీద కోపం వస్తుందనుకున్నాను, రాలేదు, అందుకా షాపు మూసి వచ్చింది, అని నెమ్మదిగా అని, గ్లాసులోకి చూస్తూ, ఎవరూ లేరు బావా, అంది, ఎవరూ లేరనే గదా నేను పాడింది.

అమ్మయ్య అనుకున్నాను, ఎవరూ లేరు, గుండె మీద నుంచి బస్తా దించినట్టయింది, ఎవరూ లేరు, ఈరక్కకు ఫోను చేసి చెప్పాలి, ఎవరూ లేరక్కా నోరు మూసుకో అని, రసం గటగటా తాగాను, ఇంకో గ్లాసు చెప్పాను, అల్లం కాస్త ఎక్కువెయ్యప్పా అన్నాను, నవ్వు కూడా వచ్చింది, అప్పుడు ఆమె అడిగింది, అన్నీ ఇన్నావా బావా, ఇన్నా అన్నాను, ఏది బాగుండాది, అంది, మొదటిసారి నా మొహంలోకి చూస్తూ అడిగింది, చెప్పబోయాను, మూడోది అని నోటిదాకా వచ్చింది, మూడోదాంట్లో ఏముంది, యాడుండావో నువ్వు, మూట కట్టి పెట్టినా, కట్టింది ఏమిటి, మాట, మాట మూట కట్టింది, చెప్పుకోడానికి దొరకని మాట, అది నాకు ఇప్పుడు వినిపిస్తోంది, మిగతావి గుర్తుకు రాలేదు, రాగం రాలేదు, ఎనిమిది పాటల్లో నువ్వు ఎక్కడెక్కడుందో చెప్పగలను, ఆ చుట్టూ ఏం పాడిందో చెప్పలేను, అన్నీ బాగుండాయి అన్నాను, సరేలే అన్నట్టు తల ఊపి ఆమె బస్సు వచ్చే వైపు చూసింది, ఇంట్లో గోడ వైపు చూసినట్టే చూసింది, బొజ్జన్నకు ఎండిన బోరు గుర్తొచ్చింది, ముక్కూ మొహం తెలియని కోసిగి ఆమె ఏడ్చింది, విశ్వాసమ్మ మోకరించింది, వాళ్ళు ఎవరిని తలుచుకుంటేనేం, అది దిగులని వాళ్ళకు వినగానే తెలిసింది, నేను దొంగ కోసం వెతికాను, ఆమె ఎందుకు దిగులుగా ఉందని నాకు ఒక్క పాటలోనూ ప్రశ్న రాలేదు, బండివాడు రెండో గ్లాసు చేతికిచ్చాడు, పట్టుకుని నిలబడ్డాను, తాగబుద్ధి కాలేదు, ఎవరూ లేరు అంది, నేను ఉన్న ఇంట్లో ఉంటూ, నా ఎదురుగా అన్నం తింటూ, నా పక్కన పడుకుంటూ ఎవరూ లేరని పాడింది, ఇందాక నేను ఊపిరి పీల్చుకున్న మాట అదే, ఎవరూ లేరు, ఎవరూ లేరంటే, నేను కూడా లేనని.