నాన్నగారూ, భోంచేస్తాం

పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషను ఆఫీసులో కౌంటరు వెనకున్న గుమాస్తా మాల్సున్ మొహం కూడా చూడలేదు. ఆమె వెనకాల చక్రాల కుర్చీలో ఉన్న ఇంజా వైపు తిరిగి, "ఈవిడకి పెళ్ళంటే ఏంటో తెలుసా అండీ?" అన్నాడు.

"ఆవిడకీ నోరుంది. ఆవిణ్ణే అడుగు," అంది ఇంజా.

అడగలేదు. కంప్యూటరు చూసి పెదవి విరిచాడు. మాల్సున్‌కి నలభై రెండేళ్ళు. పక్కన నిలబడ్డ పెళ్ళికొడుకు పిల్సుకి ఇంకాస్త ఎక్కువ. అయినా బుద్ధి చాలదని కోర్టు ఇద్దరికీ సంరక్షకుణ్ణి పెట్టింది. ఆయన ఒప్పుకుంటేనే వాళ్ళ పెళ్ళి చెల్లుతుంది. ఆయన ఎవరో కాదు, వాళ్ళుండే దయా నిలయం అనే వికలాంగుల ఆశ్రమం డైరెక్టరు బేక్. తలుపుల తాళాలూ ఆయన దగ్గరే, వాళ్ళ బతుకులూ ఆయన దగ్గరే.

ఆయన్ని సంరక్షకుణ్ణి చేసిన పాపం మాల్సున్ నోటితోనే జరిగింది. దయా నిలయంలో చేరినవాళ్ళెవరైనా డైరెక్టరుని నాన్నగారూ అనాలి. చున్‌బే తాత కూడా, తనకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడైన బేక్‌ని నాన్నగారూ అనే పిలవాలి. ఆయన వచ్చి నిలబడి, అందరూ లేచి "నాన్నగారూ, భోంచేస్తాం" అంటేనే కంచంలో చెయ్యి పెట్టాలి. చిన్నప్పుడు ఎవరో గేటు దగ్గర వదిలేసి పోయిన మాల్సున్, ఆ మాట అంటూనే పెరిగింది. కోర్టులో జడ్జి, "నీ మంచీ చెడ్డా ఎవరు చూడాలమ్మా?" అనడిగితే అలవాటు కొద్దీ "నాన్నగారు" అంది. పిల్సూ అదే అన్నాడు. వాళ్ళకి ఇంకో పెద్దదిక్కు తెలిస్తేగా!

ఇద్దరికీ లాండ్రీలో పని. ఊళ్ళో హోటళ్ళ దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. తడి దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలపాలి. ఏళ్ళ తరబడి అలా నడిచారు. ఒకరోజు అంచులు కలిపాక పిల్సు చెయ్యి వదల్లేదు. మాల్సున్ కూడా లాక్కోలేదు.

హోటల్లో దుప్పట్లు ఇచ్చే వంకన బయటపడి ఆ ఆఫీసుకి వెళ్ళొచ్చిన కొద్ది రోజులకి, చలికాలానికి కిమ్చీ, అంటే క్యాబేజీ ఊరగాయ, పెట్టే రోజొచ్చింది. నిలయంలో వాళ్ళంతా పెరట్లో చేరి క్యాబేజీలకి ఉప్పు పట్టిస్తున్నారు. ఆ ఒక్కరోజూ సాయానికొచ్చేవాళ్ళ కోసం గేటు తీసి ఉంచుతారు. ఇంజా లోపలికొచ్చింది. తనూ ఒకప్పుడు అక్కడ ఉండి, పోరాడి బయటపడ్డదే.

"ఏమే మాల్సున్, పెళ్ళి విందు నూడుల్స్ ఎప్పుడు పెడతావే? నాకు రెండు గిన్నెలు!" అని ఒకావిడ అరిచింది. అందరూ నవ్వారు.

చున్‌బే తాత నవ్వలేదు. "మీకేం, మీరు పోతారు. ఆయన మా మీద పడతాడు. అయినా బయట మిమ్మల్నెవడు చూస్తాడే? చలికి చస్తారు."

"నేను చచ్చానా తాతా?" అంది ఇంజా. "నీ తలకింతని ఆయనకి సర్కారు గ్రాంటు వస్తుంది. నువ్వు ఉతికే దుప్పట్ల ఆదాయమూ ఆయనదే. నిన్నెందుకు వదుల్తాడు? పాడి గేదెని ఎవడైనా వదులుకుంటాడా?"

"నోరు ముయ్యి. అన్నం పెడుతున్నాడు."

"నీ అన్నం నువ్వే సంపాదిస్తున్నావు కదయ్యా!"

పిల్సుకి మాట త్వరగా రాదు. అందరూ చేతులాపి ఎదురుచూశారు. "నాకు... ఓ గది కావాలి. లోపల్నించి... గడియ పెట్టుకునే గది."

నిలయంలో ఉండేవాళ్ళెవరూ తమ తలుపుకి తాము గడియ పెట్టుకుని ఎరగరు.

పెళ్ళికి ఒప్పుకోమని అడగడానికి అంతా కలిసి ఉప్పు చేతులతోనే డైరెక్టరు గది ముందుకెళ్ళారు. తాత మాత్రం వెనకే ఉండిపోయాడు. బేక్ చిరునవ్వుతో బయటికొచ్చాడు.

"పిల్లలకి పెళ్ళేంటర్రా? రేపు మీకో బిడ్డ పుడితే నేను పెంచాలా? నాన్న వద్దన్నాడంటే మీ మంచికే. పొండి, క్యాబేజీలు పాడైపోతాయి."

అలవాటు ఎంత చెడ్డదంటే, "సరే నాన్నగారూ" అని ముందు తలవంచింది మాల్సునే. గదికెళ్ళాక తన నోటిని తనే కొట్టుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున వ్యాను వచ్చింది. పిల్సుని కొండల అవతలి ఇంకో నిలయానికి మార్చారట. సంరక్షకుడి నిర్ణయం. మాల్సున్ వ్యాను తలుపు పట్టుకుంది. నిలయం ఉద్యోగులు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. కబురు తెలిసి గేటు దగ్గరికొచ్చిన ఇంజా పోలీసుల్ని పిలిచింది. వాళ్ళొచ్చి, బేక్‌తో మాట్లాడి, టోపీలు సర్దుకున్నారు. "సంరక్షకుడు ఆయనే కదమ్మా. మేం చెయ్యగలిగిందేం లేదు." పిల్సు ఏదో చెప్పబోయాడు. మాట పూర్తయ్యేలోగా వ్యాను మలుపు తిరిగింది.

ఇంత అన్యాయం పట్టపగలే, అంతా చట్టప్రకారమే జరిగింది.

సాయంత్రం భోజనాల హాల్లో నూడుల్స్ వడ్డించారు. బేక్ వచ్చి నిలబడ్డాడు. "పెళ్ళి నూడుల్స్ అని గోల పెట్టారుగా. ఇదిగో, నాన్నే పెడుతున్నాడు. మాల్సున్ తల్లీ, కన్నీళ్ళు తుడుచుకో."

అందరూ లేచారు. ఆయన ఆ మాట కోసం ఎదురుచూశాడు.

మాల్సున్ గొంతులో ఆ మాట అప్పటికే సిద్ధంగా ఉంది. పళ్ళ బిగువున దాన్ని మింగేసింది. పక్కావిడ ఆమె మొహం చూసి తనూ నోరు మూసుకుంది. ఆ పక్కవాళ్ళూ అంతే. గిన్నెల్లో నూడుల్స్ ఉబ్బి ముద్దయ్యాయి.

"ఏంటిది? తాతా, నువ్వు మొదలుపెట్టు," అన్నాడు బేక్.

చున్‌బే తాత బల్ల అంచు పట్టుకున్నాడు. నలభై ఏళ్ళ అన్నం అతని కళ్ళ ముందుంది.

"బేక్‌గారూ," అన్నాడు. "మా పిల్సు ఏడీ?"

తరవాత వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు: "పిల్సు ఏడీ?" ఆపైన నత్తిగా, ముద్దగా, ఎవరి గొంతు వాళ్ళదిగా హాలంతా అదే మాట. మాటలు రానివాళ్ళు చెంచాలతో బల్లలు చరిచారు.

అడిగినంత మాత్రాన పిల్సు రాడని మాల్సున్‌కి తెలుసు. ఆ రాత్రి రాలేదు. తరవాతా రాలేదు. కానీ ఆ తెల్లారి లాండ్రీలో తడి దుప్పట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. హోటళ్ళ నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. నిలయంలో ఒక్కరు కూడా ఒక్క దుప్పటి కొస పట్టుకోలేదు.