బెంచీలు లేని గట్టు

ప్లాస్టరు పోసిన వెంటనే అచ్చును మెల్లగా తడుతూ ఉండాలి. అప్పుడే లోపలి గాలి బుడగలు పైకి వచ్చి చిట్లిపోతాయి. ఒక్క బుడగ లోపల ఆగిపోయినా చిగుళ్ల దగ్గర గుంట పడుతుంది. ఆ అచ్చు మీద కట్టిన పళ్లు ఎవరి నోట్లోనో గుచ్చుకుంటాయి. అచ్చుల బాబాయి అచ్చును రెండు చేతుల మధ్య పట్టుకుని, పనిబల్ల అంచుకు ఆనించి తడుతున్నాడు. బుడగ పైకి వచ్చినప్పుడల్లా అతని పెదాలు కూడా కొంచెం తెరుచుకుంటున్నాయి.

కట్టుడు పళ్లు తయారు చేసే ఆ గదికి ఒకటే కిటికీ. అది కూడా పక్కింటి గోడను చూస్తూ ఉంటుంది. అరల నిండా తెల్లటి దవడలు, ఒక్కోదాని కింద ఒక చీటీ. వాటి మనుషులను బాబాయి ఎప్పుడూ చూడలేదు. డాక్టర్ల దగ్గర్నుంచి అచ్చులు వస్తాయి, పళ్లు తయారై వెళ్లిపోతాయి. ఎవరో ఎక్కడో మళ్లీ వేరుశనగలు నములుతుంటారు. పెళ్లి కాకముందు ఈ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాడు. కనుబొమల మీద ప్లాస్టరు దుమ్ము పట్టి, ఉన్న వయసు కంటే ముసలివాడిలా కనిపిస్తాడు. వేళ్ల కణుపుల గీతల్లోని తెలుపు ఎంత కడిగినా పోదు.

"బాబాయ్, మధ్యాహ్నం ఎక్కడికో వెళ్తున్నావట. ఓనరు మూతి ముడుచుకుని కూర్చున్నాడు," అంది పాలిష్ పట్టే పిల్ల, మిషను ఆపి.

"పుస్తకం మార్చుకోవాలమ్మా."

"మొన్ననే కదా కొన్నావు!"

"అది వేరే రకం."

"పుస్తకాల్లో కూడా పై దవడ, కింది దవడ ఉంటాయా ఏంటి?"

బాబాయి నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అతనికి ముందు పన్ను ఒకటి లేదు. ఎప్పటికప్పుడు కట్టుకుందామనుకుంటాడు. ఎప్పటికప్పుడు ఇంకెవరిదో తొందర పని వచ్చి పడుతుంది.

"ఆ పన్నేదో పిన్నితో విమానం ఎక్కేలోగా కట్టుకో బాబాయ్. అక్కడి పక్షులు నిన్ను చూసి నవ్వుతాయి."

"వాటికి అసలు పళ్లే లేవు. నన్నేమంటాయి?"

పిల్ల పకపకా నవ్వి మళ్లీ మిషను వేసింది. బాబాయి ఎడమ భుజం ఒకసారి గుండ్రంగా తిప్పుకున్నాడు. పొద్దున్నించి ఆ చెయ్యి బరువుగా ఉంది. ప్లాస్టరు గట్టిగా కలిపినందుకేమో అనుకున్నాడు.

పక్షుల పిచ్చి అతనిది కాదు, భార్యది. ఆమె నూలు మిల్లులో పనిచేసేది. మిల్లులో ఉన్నన్నాళ్లూ ఆమె చెవుల్లో మరల చప్పుడు తప్ప ఇంకేదీ ఉండేది కాదు. ఇంటికి వచ్చాక కూడా గట్టిగా అరిచినట్టే మాట్లాడేది. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయాక పని మానేసింది. గాలి ఆడుతుందని మంచం వెనక కిటికీ దగ్గరికి జరిపారు. కొన్నాళ్లకు ఆమె చెవులు తేరుకున్నాయి. ఒకరోజు అతను పని నుంచి వచ్చేసరికి వేలు పెదాల మీద పెట్టి, "ష్, వినండి," అంది. గోడ మీద ఒక నల్ల పిట్ట తోక పైకీ కిందికీ ఆడిస్తూ కూస్తోంది. "ఇది ఇన్నేళ్లుగా ఇక్కడే ఉందా?" అని అడిగింది, ఎవరో తన వస్తువు దాచిపెట్టి ఇప్పుడు ఇచ్చినట్టు.

తర్వాత ఒక పత్రికలో ఆ ఫొటో చూసింది. పరాయి దేశంలో ఒక చెరువు, దాని మీద మంచు, మంచులోంచి లేస్తున్న బెగ్గురు కొంగలు. మనిషి భుజం దాకా ఉంటాయట. తెల్లవారుతుండగా అన్నీ ఒకేసారి అరిచి లేస్తాయట. ఆమె ఆ పేజీ అతనికి చూపించి, "ఇది నాకు చూడాలని ఉంది," అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అతన్ని ఏదీ అడగలేదు. చీర అడగలేదు, గాజులు అడగలేదు. అతనికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

ప్రయాణం వచ్చే నెల. డాక్టరు ఒప్పుకున్నాడు. ఆయాసం రాగానే ఎక్కడుంటే అక్కడ కూర్చోవాలి, నిలబడి ఓర్చుకోకూడదు అన్నాడు. ఇక కావలసింది పుస్తకం. ఆమె పక్షుల పుస్తకం అంటే బాబాయి షాపులో ఉన్నవాటిలోకెల్లా అందమైనది తెచ్చాడు. ప్రతి పక్షికీ రంగుల బొమ్మ ఉంది. ఈకలు, ముక్కులు, గుడ్ల మీది మచ్చలు కూడా ఉన్నాయి. ఆమె ఓపిగ్గా చివరిదాకా తిప్పింది.

"బాగుంది. కానీ ఇవి ఎక్కడుంటాయో, మనం ఎలా వెళ్లాలో రాయలేదేం? ఇంటి అడ్రసు లేకుండా పెళ్లికూతురి ఫొటో తెచ్చినట్టుంది!"

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వు దగ్గులోకి దిగి, ఆగడానికి చాలాసేపు పట్టింది.

పుస్తకాల షాపు మేడ మీద ఉంది. సగం మెట్లెక్కాక బాబాయి ఆగాడు. గోడకున్న దేశపటాన్ని శ్రద్ధగా చూస్తున్నట్టు నిలబడ్డాడు. వెనకాల వస్తున్నవాళ్లు దాటి వెళ్లేదాకా చూసి, మిగతా మెట్లు ఎక్కాడు.

కౌంటరు దగ్గర నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆవిడ అతన్ని గుర్తుపట్టింది.

"ఇందులో తప్పేం లేదండీ. మాకు చోట్లు చెప్పే పుస్తకం కావాలి," అన్నాడతను బొమ్మల పుస్తకం ముందు పెట్టి, తనే ఆ బొమ్మలను అవమానించినట్టు నొచ్చుకుంటూ.

ఆవిడ రెండు పుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. ఒకటి ఇటుకంత లావు. అక్కడికి వెళ్లేవాళ్లందరూ ఇదే కొంటారంది. రెండోది పల్చగా, అట్ట మీద రంగు వెలిసి ఉంది. "దీన్ని ఎవరూ అడగరు. రాసినాయన భార్యకి మోకాళ్లు పనిచేసేవి కావట. అందుకని ఎక్కడ కూర్చోవచ్చో, ఎక్కడ ఎత్తు ఎక్కాలో, అదే ఎక్కువ రాశాడు."

బాబాయి స్టూలు మీద కూర్చుని, పల్చటిదాన్ని ముందు తీశాడు. ఎవరో తన ఇంట్లోకి తొంగి చూసి రాసినట్టుంది. ఒకచోట గేటు పక్కన వీపు ఆనించుకునే బెంచీ. దాని తర్వాత చదునైన దారి, చేత్తో పట్టుకోవడానికి కమ్మీ. ఇంకోచోట పక్షులను చూసే పాకలాంటి గదిలో కిటికీలు కూర్చున్నవాళ్ల కళ్ల ఎత్తులో ఉంటాయి. అతను గబగబా ఆ చెరువు పేజీ వెతికాడు. నాలుగు లైన్లే ఉన్నాయి. గట్టు మీద ఎక్కడా బెంచీలు లేవు. నడవలేనివాళ్లు గేటు దగ్గర బెంచీ మీద ఆగిపోవడం మంచిది. అక్కడికి కొంగలు కనబడవు. గాలి ఇటు వీస్తే అరుపులు వినిపిస్తాయి.

లావు పుస్తకంలో అదే చెరువుకు రెండు పేజీలు. గట్టు మీద మూడు కిలోమీటర్లు నడిస్తే చివర రెల్లు పొదలు. చీకటి ఉండగానే చేరుకోవాలి. పొదల వెనక కదలకుండా నిలబడితే కొంగలు తల మీదుగానే వెళ్తాయి, రెక్కల గాలి మొహానికి తగులుతుంది.

రెండూ పక్కపక్కన తెరిచి పెట్టుకుని అతను మార్చి మార్చి చదివాడు. ఒకటి ఆమె వెళ్లగలిగిన చోట్ల గురించి చెబుతోంది. రెండోది ఆమె అడిగిన చోటు గురించి చెబుతోంది. చివరికి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఊరికే అడుగుతున్నా. కొంగల అరుపులు వినబడి, కొంగలు కనబడకపోతే నీకు ఫర్వాలేదా? మంచి బెంచీ ఉందట."

అటు నుంచి ఆమె ఊపిరి వినిపించింది. "బెంచీ చూడ్డానికి విమానం ఎక్కుతామా అండీ?"

"అదేలే."

"ఏదో ఒకటి తీసుకురండి మహానుభావా. బొమ్మలది మాత్రం వద్దు."

బాబాయి లావు పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాడు. పల్చటిదాన్ని తిరిగి ఇస్తూ, "ఇది రాసినాయన చాలా మంచివాడండీ," అన్నాడు. ఆవిడ తలూపి, దాన్ని మళ్లీ అరలో పెట్టింది.

కిందికి దిగాక అతను వెంటనే పనికి వెళ్లలేదు. పక్క వీధిలో గాలాలూ వలలూ అమ్మే షాపు ఉంది. అక్కడ చేపలు పట్టేవాళ్లు కూర్చునే మడత స్టూళ్లు తాడుకు వేలాడుతున్నాయి. ఒక్కోదాన్నీ విప్పి, మూసి, గుడ్డను బొటనవేలితో నొక్కి చూసి, అన్నిటికంటే తేలికైనది కొన్నాడు.

పాలిష్ పిల్ల దాన్ని చూసి కళ్లు పెద్దవి చేసింది. "చేపలు కూడా పడతావా బాబాయ్?"

"కూర్చో తల్లీ, విరుగుతుందేమో చూద్దాం."

"విరిగితే నడుము నాది, విరక్కపోతే స్టూలు పిన్నిది. బాగుంది నీ న్యాయం!" అంటూనే కూర్చుంది. అటూ ఇటూ ఊగింది. స్టూలు కిర్రుమనలేదు. అప్పుడు బాబాయి చేతులు కడుక్కుని, పొద్దున పోసిన అచ్చు ఆరిందో లేదో చూశాడు. దవడ నునుపుగా, ఎక్కడా గుంట లేకుండా వచ్చింది. చీటీ రాసి అరలో పెట్టాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. పుస్తకం లాక్కున్నట్టే తీసుకుంది. స్టూలు అతను గుమ్మం బయటే ఉంచాడు. ఆమె చెరువు పేజీ తెరిచి, వేలు పెట్టుకుని చదివింది. ఒకచోట వేలు ఆగిపోయింది.

"మూడు కిలోమీటర్లట. ఇది చదివే కొన్నారా?"

"చదివే కొన్నాను."

"నన్ను మధ్యలో వదిలేసి మీరొక్కరే చూసి వస్తారా?" నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. పుస్తకం మూసి పక్కన పెట్టింది. "పోనీలెండి. బొమ్మలదే ఉంచుకోవాల్సింది."

అతను బయటికి వెళ్లి స్టూలు తెచ్చి, ఆమె ముందు విప్పి పెట్టాడు.

"దారిలో బెంచీలు లేవట. అందుకని బెంచీ మనమే పట్టుకెళ్దాం. నీకు ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ వేస్తాను."

"మూడు కిలోమీటర్లూ దీన్ని మోస్తారా?"

"నిన్నే మొయ్యమనలేదు కదా నువ్వు, అది నయం."

"నా వల్ల ఆలస్యమైతే కొంగలు లేచిపోతాయి."

"అర్ధరాత్రే బయల్దేరుదాం. మనకేం పని?"

ఆమె స్టూలు మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. తర్వాత కాళ్లు కిందికి దించి చెప్పుల కోసం తడిమింది. "పదండి. ఇప్పుడే చూసేద్దాం."

వీధిలో ఎండ దిగిపోయింది. ఆమె ఒక చేత్తో గోడ పట్టుకుని ముందు నడుస్తోంది. స్టూలు పట్టుకుని అతను వెనకాల. నాలుగిళ్లు దాటాక ఆమె ఆగింది. అతను టక్కున స్టూలు వేశాడు. ఆమె కూర్చుని ఊపిరి కూడదీసుకుంది. మళ్లీ బయల్దేరారు. సైకిలు షాపు మనిషి పంపు పక్కన పెట్టి చూశాడు.

"ఏంటి వదినా, సింహాసనంతో ఊరేగింపా?"

"దేశాలు తిరగడానికి పోతున్నాం. ఆ సైకిళ్లు పక్కకి లాగు!"

ఆ మాట అనడానికి ఆమెకు గొంతు చాలింది. అతనికి అది చాలు. ఇంకోసారి కూర్చుంది, ఇంకోసారి లేచింది. మిల్లు మానేశాక ఆమె ఎన్నడూ దాటని మలుపు దాటారు. అక్కడ ఇళ్లు ఆగిపోయి ఖాళీ స్థలం మొదలవుతుంది. ఒక్కసారిగా ఆకాశం అంతా కనబడింది. అతను స్టూలు విప్పాడు.

"నాకొద్దు. ఇంకా ఊపిరుంది," అంది ఆమె. గోడ మీది చెయ్యి కూడా తీసేసింది.

"అయితే ఒక్క నిమిషం నన్ను కూర్చోనీ."

అతను కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె తల పైకెత్తి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. దూరం నుంచి తెల్లటి పక్షులు వరసగా వస్తున్నాయి.

"ఏమైనా కనబడ్డాయా?" అన్నాడతను, చిన్నగా.

"కొంగలే. మామూలువి. చూశారా, ఇవి మెడ ముడుచుకుని ఎగురుతాయి. బెగ్గురు కొంగలైతే మెడ చాచి ఎగురుతాయి. అక్కడ చీకట్లో అయినా మీరు ఇట్టే గుర్తుపట్టొచ్చు. మెడ చూస్తే చాలు." పక్షులు తల మీదికి వచ్చాయి. ఆమె వాటితోపాటు మెల్లగా తిరిగింది. "ఇప్పుడు ఆయాసమే లేదండీ నాకు. మూడు కిలోమీటర్లు ఏమంత దూరం? నాలుగుసార్లో ఐదుసార్లో కూర్చుంటాను, అంతే. మీరు చలికి గుడ్డ కట్టుకోవాలి, చెవులకి. మీకు చెవులు తొందరగా చల్లబడతాయి."

అతను ఎప్పుడూ అలాగే, ఏమీ అనకుండా వింటాడు. అందుకని ఆమె ఇంకా కాసేపు చెబుతూనే ఉంది. చివరి పక్షి కూడా దాటిపోయాక వెనక్కి తిరిగింది. అతని గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, లేని పన్ను చోటు కనబడుతోంది. ఎవరూ చూడకుండా చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ముందుగా పరిగెత్తుకొచ్చింది సైకిలు షాపు మనిషి. తర్వాత ఇంకా ఎవరెవరో వచ్చారు. ఎవరో ఆమెను పొదివి పట్టుకున్నారు. ఎవరో ఆమెను కూర్చోమన్నారు. ఆమె కూర్చోనంది. అతన్ని ఎత్తుకుని తీసుకువెళ్తుంటే, ఒక్కచోట కూడా ఆగకుండా ఆ వెనకే నడిచింది.

మలుపు ఖాళీ అయింది. వీధి దీపం వెలిగింది. దాని కింద మడత స్టూలు విప్పినది విప్పినట్టే ఉంది, గుడ్డ మధ్యలో ఒక మనిషి బరువుకు పడిన వంపుతో.