పనిమనిషి కాని అవ్వ

పొన్నుతాయవ్వ మాట్లాడుతున్నంతసేపూ ఆ ఇంట్లో దీపం అక్కర్లేదు. కోవిల్‌పట్టిలో కరెంటు పోయిన పొద్దున, మనవరాలు దేవిప్రియ జడ వేసుకోవాలంటే అవ్వను ఏదో ఒకటి అడుగుతుంది. అవ్వ రాని వానల గురించో, అగ్గిపెట్టెల కంపెనీలో అంటించిన లేబుళ్ళ గురించో ఎత్తుకుంటుంది. గది తెల్లారిపోతుంది. వీధిలో ఆడవాళ్ళు సూదిలో దారం ఎక్కించుకోవడానికి వచ్చి కూర్చుని, పనవగానే లేచిపోతారు.

ఆ వెలుతురుకీ, అవ్వ గొంతుకీ తమిళనాట తెలుగు మాట్లాడుకునే ఆ ఇంట్లో ఒకటే పేరు, ఎలుగు.

"నోరు తెరిస్తే చీకటి పోవాల పాపా. దానికే మనోళ్ళు ఆ పేరు పెట్టినారు," అనేది అవ్వ.

ఆ మాటే దేవిప్రియ కొంప ముంచింది. విరుదునగర్ మిరపకాయల మండీలో ఆనందరాజ్ అనే వ్యాపారికి, గుంటూరు వాళ్ళతో ఫోన్లో తెలుగు మాట్లాడే మనిషి కావాల్సొచ్చింది. అగ్గిపుల్లల మందు వాసనలో బతుకుతున్న పిల్లకి అంతకంటే మంచి పని ఎక్కడ దొరుకుతుంది? ఆయన పరీక్షగా ఫోన్ చేతికిచ్చాడు.

"మీ ఎలుగు సరిగా ఇనపడలేదండీ," అంది దేవిప్రియ.

అవతల గుంటూరు షావుకారు పడీపడీ నవ్వాడు. "ఎలుగుబంటా? నేను మనిషినేనమ్మా!"

స్పీకర్లో ఆ నవ్వు మండీ అంతా వినపడింది. తెలుగు ముక్క రాని మూటలు మోసేవాళ్ళు కూడా నవ్వారు. దేవిప్రియకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆనందరాజ్ జాలిపడి, ఆదివారం సాయంత్రం షావుకారు వీడియో కాల్లో ఇంకోసారి మాట్లాడేలా ఒప్పించాడు.

ఆదివారం ఇంట్లో దేవిప్రియ ముందే చెప్పింది. "అవ్వా, నేను ఫోన్ పెట్టేదాకా నువ్వు మాట్లాడొద్దు. ఆ మాట అసలే అనొద్దు."

"ఏ మాట పాపా?"

"ఎలుగు."

అవ్వ తలూపి మూలన కూర్చుంది.

మొదట బాగానే నడిచింది. దేవిప్రియ జాగ్రత్తగా గొంతు అంది, వాయిస్ అంది. అంతలో మబ్బు కమ్మి కరెంటు పోయింది.

"ఏమ్మా, కనపడటం లేదు," అన్నాడు షావుకారు.

అవ్వ ఉండబట్టలేకపోయింది. "ఎలుగు చాలునా పాపా?"

గదంతా తేటగా కనపడింది, అవ్వ చిరుగుల రవికతో సహా.

"ఎవరామె?"

"పనిమనిషండీ."

"అవునయ్యా, పనిమనిషినే," అంది అవ్వ. మాట వచ్చింది గానీ వెలుతురు రాలేదు.

ఆ చీకట్లో దేవిప్రియ సిగ్గుతో చచ్చిపోయింది. "కాదండీ, మా అవ్వ. ఎలుగు మా ఇంటి మాట. మీరు నవ్వుతారని అబద్ధమాడినాను."

ఈసారి వెలుతురు ఆమె నోట్లోంచి వచ్చింది. ముందుగా అవ్వ మొహమే కనపడింది. అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉంది.

షావుకారు ఈసారి నవ్వలేదు. "సోమవారం నుంచి నువ్వే ఫోన్ చెయ్యమ్మా," అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. అవ్వకి మాత్రం ఆ వెలుతురు తిరిగి రాలేదు. సూదులు తెచ్చుకునే ఆడవాళ్ళు ఏమీ అడక్కుండా దేవిప్రియ పక్కకి జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. మండీ నుంచి వచ్చాక, కరెంటు లేని సాయంత్రం ఆమె అవ్వకి అన్నం పెడుతుంది.

"ఏందో ఒకటి చెప్పు పాపా," అంటుంది అవ్వ, కంచంలో తడుముకుంటూ. "ముద్ద కనపడలా."

సిగ్గు పోకపోయినా, అవ్వ తినడం అయ్యేదాకా దేవిప్రియ మాట్లాడుతూనే ఉంటుంది.